కొండ వెనక సగం

మా చిన్నత్త గొంతు తెలియనివాళ్ళు మా ఊళ్ళో తక్కువ. ఆవిడ ముఖం తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. బస్టాండు పైకప్పు కింద వేలాడే బూడిదరంగు స్పీకర్లలోంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించేది ఆవిడే. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టిందంటే టీ గ్లాసు సగంలో వదిలేసి పరుగెత్తేవాళ్ళు కొందరు, తమ బస్సు కాదని తెలిసినా చివరిదాకా వినేవాళ్ళు మరికొందరు.

ఆవిడ కూర్చునే గది టిక్కెట్ల కౌంటరు వెనక ఉంటుంది. ఒక బల్ల, ఒక మైకు, గోడకు గిరగిరా తిరిగే చిన్న ఫ్యాను, చేతికందేంత దూరంలో మంచినీళ్ళ సీసా. కిటికీ కూడా ఉంది గానీ అది పక్క గోడవైపు తెరుచుకుంటుంది. అంటే, ఊళ్ళో బస్సులన్నిటి రాకపోకలూ చెప్పే మనిషికి ఒక్క బస్సూ కనబడదన్న మాట. గేటు దగ్గరున్న ఉద్యోగి ఫోన్లో చెబుతాడు, ఈవిడ మైకులో చెబుతుంది.

"చూసి చెప్పడంలో గొప్పేముందే? కళ్ళున్న ప్రతివాడూ చెబుతాడు. చూడకుండా చెప్పాలి" అంటుంది నాతో.

అలాంటి మనిషి కార్ల పందేలకు వ్యాఖ్యాత ఎలా అయిందంటే, దానికి కారణం ఇంకొకాయన గొంతు నొప్పి. ఊరి బయట ఎప్పుడో చిన్న విమానాలు దిగడానికి వేసి వదిలేసిన బాట ఒకటుంది. మోటారు క్లబ్బు వాళ్ళు దాన్ని తీసుకుని, చుట్టూ పొడిగించి, పందెపు దారిగా మార్చారు. నెలకో ఆదివారం పందెం. ఆ దారి సగం గ్యాలరీ ముందునుంచి పోతుంది, మిగతా సగం ఒక బోడికొండను చుట్టి వస్తుంది. కార్లు కొండ వెనక్కి వెళ్ళాయంటే గ్యాలరీలో ఉన్నవాళ్ళకు మోత తప్ప ఇంకేమీ మిగలదు. మొదట్లో అంతసేపూ జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారట. అప్పట్లో మైకు పట్టుకునే పెద్దమనిషి, వచ్చిన అతిథుల పేర్లూ గెలిచినవాడి పేరూ చదివి ఊరుకునేవాడు. ఒక ఆదివారం ఆయన గొంతు పూర్తిగా పూడుకుపోయింది. బస్టాండుకూ క్లబ్బుకూ స్పీకర్లు బాగుచేసే మనిషి ఒకడే. "గొంతే కావాలంటే నాకు తెలిసిన గొంతు ఒకటుంది" అన్నాడతను క్లబ్బు కార్యదర్శితో.

అత్త వెళ్ళింది. కార్ల గురించి అప్పటికి ఆవిడకు తెలిసింది ఒక్కటే, అవి బస్సులకంటే చిన్నవని. మైకు అందుకోగానే నోటికి అలవాటైన మాటలే వచ్చాయి.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి. నాలుగో నంబరు కారు కొండ మీదుగా మరికొద్ది క్షణాల్లో మన ముందుకు రానున్నది. దయచేసి ఎవరూ దారికి అడ్డంగా నిలబడరాదు."

గ్యాలరీ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్విందట. అత్తకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. చివర్న, మిగతావన్నీ వచ్చేశాక కూడా ఒక ఎర్ర కారు జాడ లేదు. అది మా ఊరి పళ్ళ డాక్టరుది. "ఎర్ర కారు ఆలస్యంగా నడుస్తున్నది. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ప్రకటించింది. అది రాకుండా ఆవిడ మైకు వదల్లేదు. బస్టాండులో అంతే మరి, బయలుదేరిన బస్సు చేరిందని చెప్పేదాకా పని అయినట్టు కాదు. ఆవిడ వదలకపోయేసరికి జనమూ కదల్లేదు. పళ్ళ డాక్టరు ఎప్పటిలాగే ఆఖర్న వచ్చి, జీవితంలో మొదటిసారి చప్పట్లు విని, గెలిచినవాడెవరా అని వెనక్కి తిరిగి చూశాడట.

మర్నాటి నుంచి ఆవిడ 'బస్టాండ్ అక్క' అయింది.

అసలు విశేషం మాత్రం మా మామయ్యలో ఉంది. ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. అత్తను ఒంటరిగా పంపడం ఇష్టం లేక వెంట వెళ్ళి, ఊరికే నిలబడలేక జెండా పట్టుకున్నాడు. కొండ వెనక ఇరుకు మలుపు దగ్గర ఆయన కాపలా. చేతిలో పసుపు జెండా, భుజానికి వాకీటాకీ. అక్కడ జరిగింది చూసి ఆయన చెబితే ఇక్కడ అత్త మైకులో చెప్పాలి. చిక్కల్లా ఏమిటంటే, మామయ్య నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు వెయ్యాలి.

"పోయింది" అన్నాడట మొదటి రోజు.

"ఏది పోయింది? ఎలా పోయింది? జనానికి నేనేం చెప్పను, తలకాయ?" అని అత్త అరిచింది.

అటు నుంచి కాసేపు గరగర. తరవాత, "ఎనిమిది. మీ అన్నయ్యలా పోయింది."

అత్తకు అంతా కళ్ళకు కట్టింది. అత్త వాళ్ళ అన్నయ్య అంటే మా నాన్న. ఆయన వీధిలోకి వెళ్ళాడంటే కనబడిన ప్రతివారి దగ్గరా ఆగి, కుశలం అడిగి, జవాబు విని, మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగుతాడు. అత్త మైకు ఎత్తి, "ఎనిమిదో నంబరు కారు ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించి, తనను దాటిపోయే ప్రతి కారునూ మర్యాదగా పలకరిస్తూ ముందుకు సాగుతున్నది" అంది. జనం ఈలలు వేశారు.

అప్పటినుంచి మా చుట్టాలందరూ కొండ వెనక కొలువులో చేరారు, వాళ్ళకు తెలియకుండానే. ఎవరి నడకో, ఎవరి కోపమో, ఎవరి పిసినారితనమో ఏదో ఒక కారుకు అతికేది. మామయ్య రెండు మాటలు ఇచ్చేవాడు, అత్త దండకం చదివేది. ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. టీ ఫ్లాస్కు పట్టుకుని మైకు గదిలో మూల కూర్చునేదాన్ని కాబట్టి.

పత్రికలో మా ఊరి పందెం గురించి మూడు వాక్యాలకు మించి ఎప్పుడూ రాలేదు. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు, ఎవరు బహుమతి ఇచ్చారు, అంతే. జనం దానికోసం వచ్చేవాళ్ళు కాదు. కార్లు ఎదురుగా ఉన్నంతసేపూ పల్లీలు తింటూ కబుర్లాడుకుని, అవి కొండ చాటుకు వెళ్ళగానే నిశ్శబ్దమై చెవులు రిక్కించేవారు. కొందరు కళ్ళు కూడా మూసుకునేవారు. దృశ్యకావ్యం, శ్రవ్యకావ్యం అని మాకు తరగతిలో చెబుతారు. ఒకే దారి సగం అదీ, సగం ఇదీ కావడం నేను అక్కడే చూశాను.

ఇలా ఉండగా ఒక సాయంత్రం, నేను అత్త ఇంట్లో ఉన్నప్పుడు క్లబ్బు కార్యదర్శి వచ్చాడు. ఆయనకు టైర్ల దుకాణం ఉంది. మంచివాడు, కానీ చేదు మాట చెప్పాల్సి వస్తే కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"అమ్మా, శుభవార్త" అన్నాడు. శుభవార్త తెచ్చినవాడు చెప్పులు విప్పడానికి అంతసేపు తీసుకోడు.

"చెప్పండి" అంది అత్త.

"వచ్చే పందెం టీవీలో ప్రత్యక్ష ప్రసారం! మైదానంలో పెద్ద తెర కూడా పెడుతున్నారు."

"మరింకేం! మన డాక్టరుగారి ఎర్ర కారు లోకమంతా చూస్తుందన్న మాట."

"చూస్తుందమ్మా. మీకు... ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాం."

"కుర్చీ ఎందుకండీ? గదిలో స్టూలుందిగా?"

కళ్ళజోడు తీశాడు. "అంటే, వాళ్ళ వ్యాఖ్యాతలు వాళ్ళకున్నారు. ఆ మాటే మన స్పీకర్లలోనూ వస్తుంది. ఒకే మైదానంలో రెండు గొంతులంటే గజిబిజి కదమ్మా."

"ఈ ఒక్కసారికేనా?"

"ఇది సవ్యంగా జరిగితే... ఇకనుంచి అన్ని పందేలకూ వాళ్ళే చూసుకుంటారట. మైకు గది తెరవక్కర్లేదు. మీకూ కాస్త విశ్రాంతి."

"విశ్రాంతి నేనడిగానా?"

ఆయన కళ్ళజోడు అప్పటికే అద్దంలా మెరుస్తోంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు. వంటింట్లోంచి మామయ్య తల బయటికి పెట్టి, "కాఫీ?" అన్నాడు. కార్యదర్శి వద్దని లేచి వెళ్ళిపోయాడు.

అత్త చాలాసేపు బల్ల మీది కప్పులు సర్దింది. సర్దినవే సర్దింది. "పోనీలే, నాకేం తక్కువ? బస్టాండు లేదూ?" అంది చివరికి.

"ఉంది" అన్నాడు మామయ్య. కాఫీ గిన్నె దించి, "కొండ లేదు" అన్నాడు.

అత్త చీపురు తీసుకుని వాకిలి వైపు వెళ్ళిపోయింది. నెలలో ఆ ఒక్క ఆదివారం కోసమే మిగతా రోజులన్నీ ఆవిడ బస్సుల్ని పిలుస్తోందని నాకప్పుడు తెలిసింది.

ఆ వారం బస్టాండులో ఒక ఘనకార్యం జరిగింది. మధ్యాహ్నం రద్దీలో, మనసు ఎక్కడో పెట్టుకుని అత్త మైకు నొక్కింది. "మూడో నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరిన బస్సు గేటు దగ్గర ముందున్న బస్సును దాటేసింది! ఇక దీన్ని ఆపేవారు లేరు!" అంది. ఆ బస్సెక్కాల్సినవాళ్ళు మూటాముల్లే ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగు. నిజానికి ఆ బస్సు ఇంకా నిద్రపోతోంది, డ్రైవరు భోజనం చేస్తున్నాడు.

మేనేజరు గదిలోకి వచ్చాడు. "అమ్మా, మన బస్సులకు మొదటి బహుమతి అంటూ ఏమీ లేదు."

"పొరపాటైంది సార్."

"ఆగడమే వాటి పని. మరిచిపోకండి" అని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆదివారం పందేనికి నేనూ వస్తున్నాను. మీరే చెబుతున్నారుగా?"

అత్త మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

పందెం రోజున మైదానం గుర్తుపట్టలేనట్టు ఉంది. నేలంతా నల్లటి తీగలు, తెల్లటి వ్యాను, ఎత్తైన మంచెల మీద కెమెరాలు, గ్యాలరీకి ఎదురుగా గోడంత తెర. చెవికి యంత్రం తగిలించుకున్న ఒక అమ్మాయి అందరికీ ఆజ్ఞలిస్తూ తిరుగుతోంది. ప్రసారమంతా ఆమె చేతిలోనే ఉందట. వ్యాఖ్యానం చెప్పడానికి ఒకప్పుడు పెద్ద పెద్ద పందేల్లో కార్లు నడిపిన నల్లకళ్ళద్దాలాయన వచ్చాడు. మా ఇంట్లో నాన్నా, అత్త అక్కలిద్దరూ టీవీ ముందు కూర్చుని ఉన్నారు. మామయ్య తెల్లవారకుండానే కొండ వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన వాకీటాకీకి జోడు ఈసారి నల్లకళ్ళద్దాలాయన బల్ల మీద ఉంది. "పద్ధతిగా చెప్పండి, ఇది టీవీ" అని కార్యదర్శి మరీ మరీ చెప్పి పంపాడు.

అత్త ముందు వరస కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీకి మెత్త కూడా వేశారు. ఆవిడ మాత్రం సగం కుర్చీలోనే కూర్చుంది, ఎవరో పిలిస్తే లేవాలన్నట్టు.

జెండా ఊపారు. మొదట జనానికి పండగే. తెర మీద తమను తాము చూసుకుని చేతులూపడంలో పడి, ఎదురుగా దూసుకుపోయే కార్లను మరిచిపోయారు. పైగా ఎదుట పోయిన కారు తెర మీదికి రావడానికి రెండు క్షణాలు పడుతోంది. మెరుపు ముందు, ఉరుము తరవాత అన్నట్టు. కార్లు కొండ చాటుకు వెళ్ళాయి. గ్యాలరీ అలవాటుగా నిశ్శబ్దమైంది.

కొండ వెనక కెమెరా లేదు. తీగ అంతదూరం చాలలేదట. నల్లకళ్ళద్దాలాయన ఇంజన్ల శక్తి గురించి చెప్పాడు, టైర్ల రబ్బరు గురించి చెప్పాడు, తన కాలంలో తాను గెలిచిన ఒక పందెం గురించి చెప్పాడు. చక్కగానే చెప్పాడు. కానీ గ్యాలరీ అడిగేది అది కాదు.

"అక్కా, వెనకాల ఏమవుతోంది?" అని వెనక వరసలో పల్లీలు నములుతున్న ఒకాయన అత్త కుర్చీ మీదికి వంగాడు.

"నాకేం తెలుసు తమ్ముడూ? నీతోపాటే ఉన్నాగా."

"ఈయన ఇంజను విప్పి ముక్కలు ముక్కలుగా చూపిస్తున్నాడు గానీ, కారు ఎక్కడుందో చెప్పడేం?"

"ష్. చెబుతారు. పెద్దాయన" అంది అత్త. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మోతను బట్టి ఏ కారు ఎక్కడుందో తనలో తాను చెప్పుకుంటోంది.

అప్పుడు వాకీటాకీ గరగరలాడింది. అది మైకు పక్కనే ఉండటంతో మామయ్య గొంతు మైదానమంతా వినిపించింది.

"నాలుగో నంబరు గారు వెళ్ళారండి."

గ్యాలరీ ఘొల్లుమంది. పాపం, పద్ధతిగా చెప్పమన్నారు కదా, అలాగే చెబుతున్నాడు. తరవాతి చుట్టులో తొమ్మిదో నంబరు గారు, ఆ తరవాత ఎనిమిదో నంబరు గారు వెళ్ళారండి. ఎంత మర్యాదగా ఉందో అంత చప్పగా ఉంది. నల్లకళ్ళద్దాలాయన ప్రతిసారీ "ధన్యవాదాలు" అంటున్నాడు. జనం ఒక్కొక్కరే లేచి టీ కొట్టు వైపు నడుస్తున్నారు. టీవీ అమ్మాయి ఖాళీ అవుతున్న బెంచీల వైపు చూసి, కార్యదర్శి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీశాడు.

సగం చుట్లు అయ్యేసరికి పందెం వేడెక్కింది. వేడిలో మామయ్య మర్యాద కరిగిపోయింది.

"ఎనిమిది మీ అన్నయ్య" అన్నాడు.

నల్లకళ్ళద్దాలాయన ఆగిపోయాడు. "మా అన్నయ్యా? నాకు అన్నయ్య లేడే!"

అత్త రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నాకు మా ఇంటి హాలూ, అందులో టీవీ ముందున్న నాన్నా గుర్తొచ్చారు.

చివరి రెండు చుట్లు మిగిలాయి. నాలుగూ తొమ్మిదీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కొండ వెనక్కి వెళ్ళాయి, మిగతావి వెంట వెళ్ళాయి. అన్నిటికంటే వెనక, బోలెడంత ఎడంతో, డాక్టరుగారి ఎర్ర కారు. ఎప్పటిలాగే మోత కొండను చుట్టడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

కొంతసేపటికి ఒక్క ఇంజను చప్పుడు వినిపించింది. కొండ చాటునుంచి ఒకే ఒక కారు బయటికొచ్చింది. ఎర్రది.

గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. "ఇది బహుశా... ఒక చుట్టు వెనకబడిన..." అని నల్లకళ్ళద్దాలాయన తడబడ్డాడు. తెర మీద ఎర్ర కారు తప్ప ఇంకేమీ లేదు. వాకీటాకీలో మామయ్య ఒకే ఊపున చెప్పేశాడు.

"నాలుగు పెద్దక్క. తొమ్మిది చిన్నక్క. గుమ్మం దగ్గర. ఎర్రది మీ బాబాయి."

మైదానంలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎవరో భయంగా "గుద్దుకున్నాయా?" అని అరిచారు. టీవీ అమ్మాయి వాకీటాకీ లాక్కుని గ్యాలరీ వైపు పరుగెత్తుకొచ్చింది. కార్యదర్శి వెనకాలే వస్తూ చేత్తో అత్తను చూపించాడు.

"అమ్మా, మీరేనా బస్టాండ్ అక్క? ఆయన ఎవరి గురించి చెబుతున్నారు? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

అత్త అప్పటికే లేచి నిలబడి ఉంది. "ఇటివ్వు" అని వాకీటాకీ అందుకుంది. "ఏమండీ, మనుషులు?"

"బాగున్నారు. తిట్టుకుంటున్నారు."

అత్త గ్యాలరీ వైపు తిరిగింది. టీవీ అమ్మాయి మరేమీ అడక్కుండా తన చేతిలోని మైకు ఆవిడ నోటి ముందు పెట్టింది.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి" అంది అత్త. అంత గ్యాలరీ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయింది. "ముందుగా, అందరూ క్షేమం. కొండ వెనక ఇరుకు మలుపు దగ్గర నాలుగో నంబరూ తొమ్మిదో నంబరూ ఒకేసారి దూరబోయినవి. నేను ముందంటే నేను ముందని ఇద్దరక్కచెల్లెళ్ళు గుమ్మంలో భుజం భుజం పట్టి నిలబడితే ఎలా ఉంటుందో అలా, ప్రస్తుతం రెండూ ముందుకూ రావు, వెనక్కూ పోవు. ఒకరు కాస్త తగ్గితే ఇద్దరూ వెళ్ళవచ్చు. కానీ తగ్గడం ఇద్దరికీ చిన్నతనం. మిగతా కార్లు వెనక వరసగా నిలిచిపోయినవి."

గ్యాలరీలో నవ్వులు మొదలయ్యాయి. వాకీటాకీ ఏదో గొణిగింది. అత్త చెవికి ఆనించుకుంది.

"ఎనిమిదో నంబరు ఆగి, ఏమైందని అడిగి, ఇప్పుడు రాజీ కుదురుస్తున్నది. ఇక ఎర్ర కారు సంగతి. ప్రతి ఇంట్లోనూ ఒక బాబాయి ఉంటాడు. భోజనానికి అందరికంటే ఆలస్యంగా వస్తాడు. వచ్చేసరికి మిగతావాళ్ళు ఏదో గొడవలో ఉంటారు. అందుకని మొదటి పళ్ళెం ఆయనదే అవుతుంది. డాక్టరుగారు వెనకబడి ఉండటం వల్ల గొడవను దూరం నుంచే చూసి, పక్కనున్న గడ్డి మీదుగా తాపీగా దాటి వచ్చేశారు!"

ఇక మైదానంలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. టీ కొట్టు ఖాళీ అయింది. నల్లకళ్ళద్దాలాయన బల్ల మీద తలవాల్చి నవ్వుతున్నాడు. కాసేపటికి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, తన మైకు తానే ఆపేసి, అత్త వైపు తిరిగి కానివ్వమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆఖరి చుట్టు మొత్తం అత్తే చెప్పింది. ఎనిమిదో నంబరు రాజీ ఫలించి తొమ్మిదో నంబరు వెనక్కి తగ్గింది, నాలుగో నంబరు బాణంలా దూసుకొచ్చింది. ఆఖరి తిన్నని దారిలో, అందరూ చూస్తుండగా, ఎర్ర కారును వెంట్రుకవాసిలో దాటేసింది. డాక్టరుగారు రెండో స్థానంలో వచ్చి, కారు దిగి, నేల మీద కూర్చుండిపోయారు.

"ఎలా ఉంది డాక్టరుగారూ?" అని అత్త మైకు ఆయన ముందు పెట్టింది.

"ఏం చెప్పమంటావమ్మా! ఎప్పుడూ ముందున్న కారును చూసి పోవడమే అలవాటు. ముందు ఎవరూ లేకపోయేసరికి ఎటు తిప్పాలో తెలియలేదు."

అది టీవీలో ఎంతమంది విన్నారో గానీ, మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కార్లన్నీ చేరాయని ప్రకటించాకే అత్త మైకు కింద పెట్టింది. టీవీ అమ్మాయి ఆవిడను వదల్లేదు. "మా స్టూడియోకు వచ్చెయ్యండి. పెద్ద పందేలకు మీరే చెప్పాలి. చూసేవాళ్ళు ఆగకుండా ఫోన్లు చేస్తున్నారు" అంది.

అత్త కాస్త ఆలోచించింది. "అక్కడ కొండ ఉందా?"

"కొండా? లేదండీ. ప్రతి మలుపుకూ కెమెరా ఉంటుంది. ఏదీ తప్పిపోదు."

"మరి నాకేం పనమ్మా అక్కడ?"

ఆ అమ్మాయి దూరంగా ఉన్న బోడికొండ వైపు చూసింది. పక్కనే ఉన్న కార్యదర్శి కళ్ళజోడు తుడవడం మాని, జేబులోంచి మైకు గది తాళంచెవి తీశాడు. "తీగ ఎలాగూ చాలదు కదండీ. కొండ ఇవతల మీరు, కొండ అవతల మా బస్టాండ్ అక్క. మైదానంలో స్పీకర్లు మాత్రం మొత్తం ఆవిడవే" అన్నాడు టీవీ అమ్మాయితో.

"తీగ చాలేలా తెస్తేనో?" అంది అత్త, తాళంచెవి అందుకోకుండా.

"తేనివ్వనమ్మా. ఇక తేనివ్వను."

అప్పుడు అందుకుంది.

ఇంటికి వెళ్ళడానికి నాకు భయం వేసింది. అనుకున్నట్టే హాల్లో పెద్దత్తా, నడిపత్తా కత్తులు నూరుతున్నారు, కానీ మా మీద కాదు. "నాలుగు నేను. అంటే గెలిచింది నేనే" అంటోంది పెద్దత్త. "తగ్గి దారిచ్చింది తొమ్మిది. అది నేను. పెద్దమనసు ఎవరిదో లోకం చూసింది" అంటోంది నడిపత్త. వాళ్ళ మాటల మధ్య నాన్న నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "నేను నిజంగా వీధిలో అంతసేపు ఆగుతానా?" అని అడిగాడు. నేను తలూపాను. ఆయన బాధపడతాడనుకున్నాను. "రాజీ కుదిర్చింది కూడా నేనే కదూ" అని మెల్లగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పత్రికలో మా పందెం నాలుగో వాక్యం సంపాదించుకుంది.

తరవాతి నెల పందేనికి గ్యాలరీ చాలక జనం గోడల మీద కూర్చున్నారు. టీవీ వ్యాను మళ్ళీ వచ్చింది. గదిలో అత్త, మూల ఫ్లాస్కుతో నేను. కార్లు కొండ చాటుకు వెళ్ళగానే నల్లకళ్ళద్దాలాయన మాట ఆపేశాడు, అంతమంది జనం సద్దు చేయడం మానేశారు. వాకీటాకీలో మామయ్య రెండే మాటలు అన్నాడు. ఈసారి ఏ చుట్టం గురించో నాకూ అర్థం కాలేదు. అత్త మాత్రం మైకు ఎత్తబోయి ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదు. మైకు తెరిచే ఉందని ఆవిడకు గుర్తులేదు. ఆ నవ్వు స్పీకర్లన్నిటిలోంచి మైదానం మీద పడింది. ఏం జరిగిందో తెలియకుండానే ముందు వరస నవ్వింది, తరవాత గ్యాలరీ నవ్వింది, గోడల మీదివాళ్ళూ నవ్వారు.